ఆటోమేటెడ్ ట్రేడింగ్‌కు బ్రోకర్‌ను ఎంచుకోవడం ఎలా: వరంగల్ నుంచి మొదలుపెట్టేవారి కోసం

"అన్నా, అల్గోకు ఏ బ్రోకర్ మంచిది?" హన్మకొండలో నిట్ విద్యార్థుల నుంచి మడికొండ ఐటీ పార్కు ఉద్యోగుల దాకా ఈ మధ్య చాలామంది అడుగుతున్న ప్రశ్న ఇది. అల్గో అంటే మన తరఫున తనంతట తాను కొని అమ్మే ప్రోగ్రామ్. దీనికి ఒక్క పేరుతో జవాబు చెప్పేవారిని నమ్మకండి. ఫోన్‌లో చేత్తో ట్రేడ్ చేసేవారికి బాగా నచ్చిన బ్రోకర్ సాఫ్ట్‌వేర్‌కు పనికిరాకపోవచ్చు. యాప్ అందంగా ఉందా, ఖాతా ఎన్ని నిమిషాల్లో తెరుస్తారు అన్నవి మీ ప్రోగ్రామ్‌కు అక్కరలేని విషయాలు.

ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చే రైతు కమీషన్ ఒక్కటే చూసి అడ్తిదారును పట్టుకోడు. కాంటా సరిగ్గా ఉంటుందా, పైసలు ఎప్పుడు చేతికొస్తాయి, ధర పడిపోయిన రోజు ఈయన మొహం చాటేస్తాడా అని నలుగురిని అడుగుతాడు. బ్రోకర్ విషయంలోనూ చూడాల్సింది అదే: పని సజావుగా సాగే రోజు కాదు, చెడిన రోజు ఎలా ఉంటాడన్నది. పంపిన ఆర్డర్ ఏమైందో స్పష్టంగా, వెంటనే, ప్రతిసారీ చెప్పే బ్రోకరే సాఫ్ట్‌వేర్‌కు మంచి బ్రోకర్. కింద రాసిన అడుగులన్నీ ఈ ఒక్క సంగతి తేల్చుకోవడానికే.

ముందు రెండు మాటలు

మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో బయటపెట్టిన అధ్యయనం ప్రకారం, మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో (షేర్ల, సూచీల ధరల మీద నడిచే గడువు కాంట్రాక్టులు, పొట్టిగా ఎఫ్అండ్ఓ) ట్రేడ్ చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. అందరి నష్టం కలిపితే 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటింది. అదే అధ్యయనంలో, 2023-24లో విదేశీ సంస్థల లాభాల్లో 97 శాతం, సొంత డబ్బుతో ట్రేడ్ చేసే సంస్థల లాభాల్లో 96 శాతం అల్గోల ద్వారానే వచ్చాయని ఉంది. సాఫ్ట్‌వేర్ అమ్మేవారు ఈ రెండో లెక్కనే చూపిస్తారు. ఆ సంస్థల దగ్గర ఎక్స్ఛేంజ్ భవనంలోనే సర్వర్లు, పెద్ద పెట్టుబడి, దానికోసమే పనిచేసే మనుషులు ఉన్నారు. పైథాన్‌లో వంద లైన్లు రాసినంత మాత్రాన మనం వారి వరుసలో చేరము.

రెండోది ఉద్యోగం సంగతి. కాజీపేట రైల్వే ఉద్యోగుల ఊరు. రైల్వే ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి 1966, కేంద్ర ఉద్యోగుల నియమావళి 1964, రెండూ షేర్లలో స్పెక్యులేషన్‌ను నిషేధిస్తాయి. తరచూ కొనడం, అమ్మడం స్పెక్యులేషన్ కిందికే వస్తుంది. రోజుకు పదిసార్లు కొని అమ్మే ప్రోగ్రామ్ దీనికి నేరుగా అడ్డు తగులుతుంది. ప్రభుత్వ ఉపాధ్యాయులు, రాష్ట్ర ఉద్యోగులు కూడా తమ నియమావళి చదివాకే ఖాతా సంగతి ఆలోచించాలి. ఈ మాట బ్రోకర్ ఏజెంట్ మీకు చెప్పడు.

మొదటి అడుగు: మీ ప్రోగ్రామ్ ఏం చేస్తుందో కాగితం మీద రాయండి

బ్రోకర్ వెబ్‌సైట్ తెరవకముందే ఈ పని చేయాలి. ఏ సెగ్మెంట్: షేర్లా, ఫ్యూచర్సా, ఆప్షన్సా? రోజుకు ఎన్ని ఆర్డర్లు, ఒకే సెకనులో గరిష్ఠంగా ఎన్ని? ప్రతి టిక్ (ధరలో ప్రతి కదలిక) కావాలా, 15 నిమిషాల క్యాండిల్ (ఆ వ్యవధి ధరల సారాంశం) చాలా? పొజిషన్ (తీసుకుని ఇంకా మూసేయని ట్రేడ్) రాత్రికి ఉంచుతారా, సాయంత్రంలోపు మూసేస్తారా? పాత డేటా ఎన్నేళ్లది కావాలి?

రాశాక కొందరికి అసలు ఏపీఐ (ప్రోగ్రామ్ నేరుగా బ్రోకర్‌తో మాట్లాడే దారి) అవసరమే లేదని తేలుతుంది. నెలకోసారి నిఫ్టీ ఈటీఎఫ్ (సూచీని అనుసరించే ఫండ్) కొనడం, ఫలానా ధరకు వస్తే అమ్మడం, ఇంతే అయితే చాలా బ్రోకర్లు యాప్‌లోనే ఇచ్చే జీటీటీ ఆర్డర్లు (చెప్పిన ధర వచ్చినప్పుడే కదిలేవి), సిప్ (నెలనెలా కొనుగోలు) సరిపోతాయి. అక్కడితో ఆగిపోవడమే తెలివైన పని.

రెండో అడుగు: నిబంధనలు తెలుసుకోండి

చిన్న ఇన్వెస్టర్ల అల్గో ట్రేడింగ్‌పై సెబీ 2025 ఫిబ్రవరి 4న సర్క్యులర్ ఇచ్చింది. అమలు తేదీని పొడిగిస్తూ వచ్చి, చివరికి 2026 ఏప్రిల్ 1 నుంచి బ్రోకర్లందరికీ వర్తింపజేసింది. మనకు పనికొచ్చే అంశాలు ఇవి.

ఆర్డర్లు ముందే నమోదు చేసిన స్టాటిక్ ఐపీ (మారని ఇంటర్నెట్ చిరునామా) నుంచే వెళ్లాలి. లాగిన్ రెండంచెల ధ్రువీకరణతో, ఓఆథ్ పద్ధతిలో (పాస్‌వర్డ్ ప్రోగ్రామ్‌కు ఇవ్వకుండా బ్రోకర్ పేజీలోనే అనుమతి ఇవ్వడం) జరగాలి. సెషన్ ఏ రోజుకారోజు ముగుస్తుంది కాబట్టి మరుసటి ఉదయం మళ్లీ లాగిన్ కావాలి. "ఒకసారి పెట్టి మర్చిపోండి" అని ప్రచారం చేసేవారి మాట ఇక్కడే తేలిపోతుంది. ఒక్కో ఎక్స్ఛేంజ్‌లో సెకనుకు 10 ఆర్డర్ల లోపు పంపేవారు తమ అల్గోను ఎక్స్ఛేంజ్ దగ్గర విడిగా నమోదు చేయనక్కర్లేదు. అది దాటితే బ్రోకర్ ద్వారా నమోదు తప్పనిసరి. మనలాంటివారికి పది చాలా ఎక్కువే.

సొంతంగా రాసుకున్న అల్గోను మీకు, మీ జీవిత భాగస్వామికి, మీపై ఆధారపడిన పిల్లలకు, తల్లిదండ్రులకు మాత్రమే వాడుకోవచ్చు. బావమరిది ఖాతాలో, స్నేహితుడి ఖాతాలో నడిపి లాభంలో వాటా తీసుకోవడం కుదరదు. రెడీమేడ్ అల్గో కొనాలనుకుంటే, అమ్మే సంస్థ ఎక్స్ఛేంజ్ తన ఆమోదిత జాబితాలో చేర్చినదై ఉండాలి, అల్గో బ్రోకర్ ద్వారానే అందాలి. లోపల ఏం జరుగుతుందో చెప్పని బ్లాక్ బాక్స్ అల్గో అయితే, ఇచ్చేవారికి రీసెర్చ్ అనలిస్టుగా సెబీ రిజిస్ట్రేషన్ కూడా ఉండాలి.

మూడో అడుగు: పైసలు భద్రమేనా?

మన రాష్ట్రం దీన్ని దగ్గర నుంచి చూసింది. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన కార్వీ స్టాక్ బ్రోకింగ్ ఖాతాదారులు ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీని దుర్వినియోగం చేసి వారి షేర్లను తాకట్టు పెట్టిందని సెబీ తేల్చింది. 2019 నవంబరు 22న కొత్త ఖాతాలు తెరవకుండా ఆ సంస్థను నిలిపివేసింది. 2023లో రిజిస్ట్రేషన్ రద్దు చేసింది. పెద్ద పేరు, దశాబ్దాల చరిత్ర, ఊరూరా ఆఫీసులు, ఇవేవీ ఖాతాదారులను కాపాడలేదు.

తర్వాత పద్ధతులు మారాయి. 2022 నవంబరు నుంచి పవర్ ఆఫ్ అటార్నీ స్థానంలో డీడీపీఐ అనే పరిమిత పత్రం వచ్చింది. మన పనికి దీంతో నేరుగా సంబంధం ఉంది. డీడీపీఐ ఇవ్వకపోతే, డీమ్యాట్‌లో ఉన్న షేర్లు అమ్మడానికి డిపాజిటరీ (షేర్లు దాచే సంస్థ) ఇచ్చిన టీపిన్, ఓటీపీ మీ చేత్తో కొట్టాలి. ప్రోగ్రామ్ తనంతట తాను అమ్మలేదు. డెలివరీ షేర్లతో (డీమ్యాట్‌లోకి తీసుకుని ఉంచుకునేవి) పనిచేసే అల్గో అయితే డీడీపీఐ ఎలా ఇవ్వాలో, ఎన్ని రోజులు పడుతుందో ముందే అడగండి. ఇంట్రాడే (కొన్న రోజే అమ్మేయడం) మాత్రమే అయితే అసలు ఇవ్వనక్కర్లేదు.

బ్రోకర్ రిజిస్ట్రేషన్ నంబరు ఐఎన్‌జెడ్ అనే అక్షరాలతో మొదలవుతుంది. దాన్ని సెబీ వెబ్‌సైట్‌లో సరిచూడండి. బ్రోకర్ వారీగా ఫిర్యాదులు ఎన్ని వచ్చాయో ఎన్ఎస్ఈ (నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్) సైట్‌లో ఉంటుంది. మొత్తం సంఖ్య చూసి బెదరకండి, ఖాతాదారుల సంఖ్యతో పోల్చి చూడండి. డబ్బు పంపేటప్పుడు యూపీఐ ఐడీ చివర 'వ్యాలిడ్' హ్యాండిల్ ఉందో లేదో గమనించండి. 2025 అక్టోబరు నుంచి సెబీ రిజిస్టర్డ్ సంస్థలకే అది దొరుకుతుంది. ఎవరో వాట్సాప్‌లో పంపిన సొంత నంబరుకు మార్జిన్ (ట్రేడ్‌కు ముందుగా పెట్టే) డబ్బు పంపడమంటే ఆ డబ్బు మీద ఆశ వదులుకోవడమే.

నాలుగో అడుగు: ఖర్చు మీ ఆర్డర్ల లెక్కతో వేయండి

'ఆర్డర్‌కు 20 రూపాయలు' అని చూసి వదిలేయకండి. ఒక లక్ష రూపాయల ఇంట్రాడే షేర్లు కొని, దాదాపు అదే ధరకు అమ్మారనుకుందాం. బ్రోకరేజీ రెండు వైపులా 40 రూపాయలు. అమ్మకం మీద ఎస్‌టీటీ (లావాదేవీ పన్ను) 0.025 శాతం, అంటే 25 రూపాయలు. ఎక్స్ఛేంజ్ చార్జీ సుమారు 6. కొనుగోలు మీద స్టాంప్ డ్యూటీ 3. బ్రోకరేజీ, ఎక్స్ఛేంజ్ చార్జీల మీద 18 శాతం జీఎస్టీ 8 రూపాయల పైచిలుకు. మొత్తం సుమారు 82 రూపాయలు.

రోజుకు పది రౌండ్లు, నెలకు ఇరవై రోజులు నడిపితే ఖర్చు 16,400 రూపాయలు. ఇంట్రాడేలో అయిదు రెట్ల వరకు లివరేజీ ఉంటుంది కాబట్టి లక్ష రూపాయల ట్రేడ్‌కు 20,000 పెట్టుబడి చాలని సంబరపడతారు. ఆ ఇరవై వేలలో పదహారు వేల పైన ఒక్క నెలలోనే ఖర్చులకు పోతుంది. సున్నా బ్రోకరేజీ ఇచ్చే బ్రోకర్ దొరికినా రౌండుకు ఇంకా 35 రూపాయలు మిగిలే ఉంటాయి, నెలకు 7,000. అందుకే చవకైన బ్రోకర్ కోసం వెతకడానికి ముందు ప్రోగ్రామ్ ఎన్నిసార్లు ట్రేడ్ చేస్తుందో తగ్గించండి.

ధర జారడం ఇంకో ఖర్చు. 500 రూపాయల షేర్లు 200 కొన్నప్పుడు 20 పైసలు ఎక్కువ పడితే 40 రూపాయలు పోయాయి, రెండు వైపుల బ్రోకరేజీ అంత. బ్యాక్‌టెస్ట్‌లో (పాత ధరల మీద ప్రోగ్రామ్‌ను నడిపి చూసే పరీక్ష) దీన్ని సున్నాగా వేసుకున్నవారి లాభాల పట్టికను నేనైతే పక్కన పెట్టేస్తాను.

ఏపీఐ రుసుము బ్రోకర్‌ను బట్టి మారుతుంది. జెరోధా కైట్ కనెక్ట్ నెలకు 2,000 ఉండేది, 2025లో 500కు తగ్గించారు. ఏంజెల్ వన్ స్మార్ట్ ఏపీఐ ఉచితం. ధన్ ఆర్డర్ల ఏపీఐ ఉచితంగా ఇచ్చి డేటాకు వేరుగా తీసుకుంటుంది. ఇవి మారుతుంటాయి కాబట్టి చేరే రోజు వారి పేజీలో చూసుకోండి. సాయంత్రం పొజిషన్‌ను బ్రోకరే మూసేస్తే పడే ఆటో స్క్వేర్ ఆఫ్ చార్జీ, ఫోన్ చేసి ట్రేడ్ చేయిస్తే పడే చార్జీ కూడా లెక్కలో కలపండి.

అయిదో అడుగు: ఏపీఐ పత్రాలు చదవండి

ఖాతా తెరవకుండానే చాలా బ్రోకర్ల ఏపీఐ డాక్యుమెంటేషన్ చదవచ్చు. ఒక ఆదివారం దీనికి కేటాయించండి. బ్రోకర్ల మధ్య అసలు తేడా బయటపడేది ఇక్కడే.

మొదట చూడాల్సింది ఆర్డర్ బతుకు. మీరు ఆర్డర్ పంపగానే బ్రోకర్ ఒక ఆర్డర్ నంబరు ఇస్తాడు. దాని అర్థం 'అందింది' అని మాత్రమే, కొనుగోలు అయిపోయిందని కాదు. ఆ తర్వాత అది పెండింగ్‌లో ఉండొచ్చు, కొంత మాత్రమే నిండొచ్చు, తిరస్కరణకు గురికావచ్చు. ఈ మార్పులన్నీ బ్రోకర్ తనంతట తాను పంపుతాడా, లేక ప్రతిసారీ మీరే అడగాలా? వెబ్‌సాకెట్‌లోనో (ఎప్పుడూ తెరిచి ఉండే కనెక్షన్) పోస్ట్‌బ్యాక్‌లోనో (మీ సర్వర్‌కు బ్రోకర్ పంపే సందేశం) ఆర్డర్ అప్‌డేట్లు పంపే బ్రోకర్‌కు నేను పెద్దపీట వేస్తాను. 100 షేర్లలో 40 మాత్రమే కొన్నాక, ప్రోగ్రామ్ 100 అమ్మేస్తే 60 షేర్ల షార్ట్ పొజిషన్ (మన దగ్గర లేనివి అమ్మిన బాకీ) మిగులుతుంది. కొంత నిండిన ఆర్డర్‌ను ఎలా చూపిస్తారో పత్రాల్లో స్పష్టంగా లేకపోతే ఆ బ్రోకర్‌ను జాబితాలో కిందికి దించండి.

రెండోది, జవాబు రాకపోతే ఏంటన్నది. ఆర్డర్ పంపారు, నెట్ తెగింది, టైమవుట్ వచ్చింది. ఆర్డర్ వెళ్లిందా, లేదా? వెళ్లలేదనుకొని మళ్లీ పంపితే రెండుసార్లు కొంటుంది. దీనికి మందు: ప్రతి ఆర్డర్‌కు మీరు సొంతంగా ఒక ట్యాగ్ తగిలించడం, టైమవుట్ వస్తే ముందు ఆర్డర్ బుక్ తెచ్చుకొని ఆ ట్యాగ్ ఉందో లేదో చూడటం, లేకపోతేనే మళ్లీ పంపడం. ట్యాగ్ పెట్టే సౌకర్యం లేని ఏపీఐతో ఇది కష్టం. ఈ ఒక్క అంశం మీద ఒక బ్రోకర్‌ను వదిలేసుకున్నా తప్పు లేదు.

మూడోది పరిమితులు. సెకనుకు ఎన్ని ఆర్డర్లు, ఎన్ని కోట్ అభ్యర్థనలు, పాత డేటా కోసం ఎన్నిసార్లు అడగొచ్చు, అన్నీ వేర్వేరుగా ఉంటాయి. దాటితే వచ్చే 429 ఎర్రర్‌కు మీ ప్రోగ్రామ్ ఆగి, కాస్త వ్యవధి ఇచ్చి మళ్లీ ప్రయత్నించాలి. మార్కెట్ ఆర్డర్లను (ధర చెప్పకుండా, అప్పుడున్న ధరకే పెట్టేవి) ఏపీఐ ద్వారా ఏ షరతులతో తీసుకుంటారో కూడా చూడండి.

నాలుగోది, రోజూ ఉదయం దింపుకునే ఇన్‌స్ట్రుమెంట్ ఫైల్ (ట్రేడ్ చేయగల షేర్లు, కాంట్రాక్టుల జాబితా). నిఫ్టీ లాట్ (ఒక కాంట్రాక్టులోని యూనిట్లు) ఒకప్పుడు 25 ఉండేది, తర్వాత 75 చేశారు, 2026 జనవరి నుంచి 65కు తగ్గించారు. వారపు ఎక్స్‌పైరీ (కాంట్రాక్టు గడువు ముగిసే రోజు) 2025 సెప్టెంబరులో గురువారం నుంచి మంగళవారానికి మారింది. బ్యాంక్ నిఫ్టీ వారపు కాంట్రాక్టులు 2024 నవంబరులోనే ఆగిపోయాయి. లాట్ సైజు, ఎక్స్‌పైరీ వారం కోడ్‌లో గట్టిగా రాసిపెట్టుకున్నవారి ప్రోగ్రాములు ఇలాంటి ప్రతి మార్పుకూ దెబ్బతింటాయి. బ్రోకర్ ఆ ఫైల్‌ను ఎన్ని గంటలకు అప్‌డేట్ చేస్తాడో కనుక్కోండి.

ఆరో అడుగు: ఇద్దరిని ఎంచుకుని, ఒక్క షేరుతో పరీక్షించండి

జాబితాలో పైన మిగిలిన ఇద్దరి దగ్గర ఖాతా తెరవండి. రెండో ఖాతా వృథా కాదు, మొదటి బ్రోకర్ సర్వర్ ఆగిన రోజు అదే పనికొస్తుంది. తక్కువ ధర షేరు ఒక్కటి తీసుకొని ఈ పనులు చేయండి.

మార్కెట్ ధరకు కొంచెం దూరంగా లిమిట్ ఆర్డర్ (ధర మీరే చెప్పి పెట్టేది) పెట్టి, ధర మార్చి, రద్దు చేయండి. ప్రతి మార్పు మీ ప్రోగ్రామ్‌కు ఎంతసేపట్లో తెలిసిందో లాగ్‌లో రాయించండి. ఖాతాలో ఉన్నదానికంటే ఎక్కువ విలువకు ఆర్డర్ పంపి, తిరస్కరణ సందేశం అర్థమయ్యేలా ఉందో చూడండి. 'మార్జిన్ ఇంత తక్కువ' అని చెప్పేవారూ ఉన్నారు, 'ఎర్రర్' అని ఊరుకునేవారూ ఉన్నారు.

ఇప్పుడు అసలు పరీక్ష. ఆర్డర్ పెండింగ్‌లో ఉండగా రూటర్ స్విచ్ తీసేయండి. రెండు నిమిషాలాగి వేయండి. వెబ్‌సాకెట్ తిరిగి కలిసిందా? మధ్యలో జరిగిన మార్పులు ప్రోగ్రామ్ తెలుసుకుందా? పొజిషన్ లెక్క యాప్‌లో ఉన్నదానితో సరిపోయిందా? ఇక్కడ తప్పిన ప్రోగ్రామ్ పెద్ద మొత్తానికి పనికిరాదు. తప్పు కోడ్‌దా, బ్రోకర్‌దా అన్నది తర్వాత తేల్చుకోవచ్చు.

ఈ పరీక్షలు మధ్యాహ్నం ఒంటిగంటకు చేస్తే అందరూ పాసవుతారు. ఉదయం 9:15కు, మంగళవారం ఎక్స్‌పైరీ రోజు మధ్యాహ్నం రెండున్నర తర్వాత చేయండి. సర్వర్ల మీద ఒత్తిడి ఉండేది అప్పుడే.

ఏడో అడుగు: ప్రోగ్రామ్ ఎక్కడ నడుస్తుంది?

2025 అక్టోబరు చివర్లో మొంథా తుఫాను వానలకు వరంగల్, హన్మకొండ కాలనీల్లో నీళ్లు నిలిచాయి. 2023 జులై వరదలూ అందరికీ గుర్తే. మార్కెట్‌కు మన ఊరి వానతో పని లేదు. ఇంట్లో కంప్యూటర్ మీద నడిపితే ఇన్వర్టర్, రెండో నెట్ కనెక్షన్ రెండూ కావాలి. పైగా రెండో కనెక్షన్‌కూ నమోదైన స్టాటిక్ ఐపీ ఉండాలి, లేకపోతే ఆర్డర్లు వెళ్లవు. మొబైల్ హాట్‌స్పాట్ ఇక్కడ ఆదుకోదు. చాలా లోకల్ కేబుల్ కనెక్షన్లలో స్టాటిక్ ఐపీ అడిగితే తప్ప ఇవ్వరు, దానికి వేరే రుసుము ఉంటుంది.

అందుకే చిన్న క్లౌడ్ సర్వర్ అద్దెకు తీసుకోమంటాను. ముంబై, హైదరాబాద్ రెండు చోట్లా పెద్ద కంపెనీల డేటా సెంటర్లు ఉన్నాయి. ఐపీ మారకుండా కేటాయించుకొని బ్రోకర్ దగ్గర నమోదు చేయండి. 15 నిమిషాల క్యాండిల్ మీద నడిచే ప్రోగ్రామ్‌కు కొన్ని మిల్లీసెకన్ల తేడా లెక్కలోకి రాదు. ఐపీ నమోదు, మార్పు ఎంత సులువో బ్రోకర్‌ను ముందే అడగండి.

ఎనిమిదో అడుగు: మనిషి దొరుకుతాడా?

2021 ఫిబ్రవరి 24న సాంకేతిక లోపంతో ఎన్ఎస్ఈలో ట్రేడింగ్ ఉదయం 11:40కి ఆగిపోయింది. మధ్యాహ్నం 3:45కు మళ్లీ తెరిచి సాయంత్రం 5 దాకా నడిపారు. మళ్లీ తెరుస్తారని తెలియక కొందరు బ్రోకర్లు ఇంట్రాడే పొజిషన్లను ఆలోపే బీఎస్ఈలో మూసేశారు. అలాంటి రోజు మీ బ్రోకర్ ఏం చేస్తాడు? ఈ ప్రశ్నను ఖాతా తెరిచే ముందే సపోర్ట్‌కు ఫోన్ చేసి అడగండి. సోమవారం ఉదయం పదిన్నరకు చేయండి. ఎంతసేపటికి ఎత్తారు, ఏపీఐ గురించి తెలిసినవారికి కలిపారా, తెలుగులో మాట్లాడగలిగారా అన్నది రాసిపెట్టుకోండి. డీలింగ్ డెస్క్ (ఫోన్ మీద ఆర్డర్లు తీసుకునే విభాగం) నంబరు ఫోన్‌లో సేవ్ చేసుకోండి. యాప్‌లో అన్ని పొజిషన్లూ ఒకేసారి మూసేసే బటన్, ఆ రోజుకు ట్రేడింగ్ ఆపేసే కిల్ స్విచ్ ఉన్నాయో చూడండి.

గొడవ వస్తే ముందు బ్రోకర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. తేలకపోతే సెబీ స్కోర్స్ పోర్టల్‌లో వేయండి. 21 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అక్కడా సంతృప్తి లేకపోతే స్మార్ట్ ఓడీఆర్ (ఆన్‌లైన్ వివాద పరిష్కార వేదిక) ఉంది. వీటన్నిటికీ సాక్ష్యం మీ ప్రోగ్రామ్ రాసిన లాగే, కాబట్టి పంపిన ప్రతి ఆర్డర్, వచ్చిన ప్రతి జవాబు సమయంతో సహా దాచండి.

ఏపీఐ కీ ఎవరికీ ఇవ్వొద్దు

ఇది అడుగు కాదు, హెచ్చరిక. టెలిగ్రామ్ గ్రూపుల్లో, కోచింగ్ సెంటర్ల పక్కన వెలిసే ఆఫీసుల్లో "కీ, పాస్‌వర్డ్, టీఓటీపీ (లాగిన్‌కు మారుతూ వచ్చే కోడ్) ఇవ్వండి, మా అల్గో నడుస్తుంది, నెలకు ఇంత శాతం గ్యారంటీ" అంటారు. గ్యారంటీ అన్న మాట వినగానే లేచి వచ్చేయండి. గత రాబడులు, రాబోయే రాబడులు చెప్పి అల్గోలను అమ్ముకునేవారితో బ్రోకర్లు చేతులు కలపకూడదని సెబీ 2022లోనే ఆదేశించింది. కీ చేతిలో ఉన్నవాడు మీ ఖాతా నుంచి డబ్బు బయటికి తీయలేకపోవచ్చు. కానీ ఎవరూ కొనని ఆప్షన్‌ను మీ చేత ఎక్కువ ధరకు కొనిపించి, అవతల తాను అమ్ముకోగలడు. నష్టం మీది, ఖాతా మీది, రేపు జవాబు చెప్పాల్సిందీ మీరే.

మొదటి నెల

బ్రోకర్ ఖాయమయ్యాక కూడా నెల రోజులు అతి తక్కువ పరిమాణంతోనే నడపండి. రోజూ సాయంత్రం కాంట్రాక్ట్ నోట్ (ఆ రోజు ట్రేడ్ల అధికారిక బిల్లు) మెయిల్‌కు వస్తుంది. దాన్ని మీ లాగ్ పక్కన పెట్టి మూడు లెక్కలు చూడండి: ఆర్డర్ల సంఖ్య, సగటు ధర, మొత్తం చార్జీలు. షేర్లలో ఇంట్రాడే లాభనష్టాలు పన్ను లెక్కలో స్పెక్యులేటివ్ వ్యాపారం కిందికి, ఎఫ్అండ్ఓ నాన్ స్పెక్యులేటివ్ వ్యాపారం కిందికి వస్తాయి. ఆ విభజనతో రిపోర్టు డౌన్‌లోడ్ అవుతుందో లేదో ఇప్పుడే చూసుకుంటే రిటర్న్ వేసేటప్పుడు ఆడిటర్ దగ్గర తిప్పలు ఉండవు. నెలంతా మూడు లెక్కలూ సరిపోతే పరిమాణం పెంచే ఆలోచన చేయండి. ఒక్కరోజు తేడా వచ్చినా ప్రోగ్రామ్ ఆపి, బ్రోకర్ ఆర్డర్ నంబరు, ఎక్స్ఛేంజ్ ఆర్డర్ నంబరు, సమయం రాసి సపోర్ట్‌కు పంపండి. జవాబు వచ్చి, కారణం మీకు అర్థమయ్యాకే మళ్లీ నడపండి.